వియత్నాం పక్షాన నాన్న

ఆ రోజు ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నాన్న మంచం దిగాడు. తుంటి ఆపరేషన్ తర్వాత నడవకపోతే ఇక మంచమే గతి అని డాక్టరు హెచ్చరించినా కదలని మనిషి, నా చార్టు చూడడానికి దిగాడు.

రాబర్ట్‌సన్‌పేటలో మా ఇంట్లోనే కూర్చుని నేనొక కలప కంపెనీకి పనిచేస్తాను. చైనా, వియత్నాం ఎంత విలువ చేసే గట్టి కలప దిగుమతి చేసుకున్నాయో నెలనెలా రెండు గీతల్లో చూపించాలి. నాన్న మా ఊరి బంగారు గనుల కలప యార్డులో గుమాస్తాగా చేసినవాడు. మంచం మీద నుంచే నా చార్టు చూసిన రోజే వియత్నాం పక్షం చేరాడు. చూడాలంటే నడిచి రావాలని నేను వెంటనే కంప్యూటరును ఆయన గదిలోంచి ముందు గదిలోకి మార్చాను.

"మనోళ్ళు ఎట్లుండారమ్మా?" అంటూ వాకర్ పట్టుకుని వచ్చేవాడు.

"వాళ్ళు మనకి ఎప్పుడు చుట్టాలైనారు?" అనేది అమ్మ.

"చైనా వాడు తొలినుంచీ శ్రీమంతుడు. వీళ్ళు పాపం, ఇప్పుడిప్పుడే లేస్తా ఉండారు."

ఒక నెల వియత్నాం గీత కిందికి దిగింది. నాన్న కుర్చీలో కూలబడి, "ఇంగ నేను నడిచేది లేదు" అన్నాడు.

"వాళ్ళు కొయ్య కొనకుంటే మీరు నడవరా? బాగుండాది సంబడం!" అంది అమ్మ.

అది విలువ చూపించే గీత అని, కలప ధర తగ్గినా దిగుతుందని నేను చెప్పాను.

"అట్ల చెప్పు! బేరమాడి కొన్నారు మనోళ్ళు" అని లేచి, వీధిలోకి వెళ్ళి ఎదురింటాయనకు ఆ సంగతి చెప్పి వచ్చాడు. వాకర్ మాత్రం కుర్చీ పక్కనే ఉండిపోయింది.

కిందటి వేసవిలో నాన్న గుండెపోటుతో పోయాడు. చార్టు ఇప్పటికీ నెలనెలా కంపెనీకి పంపుతాను. ఇంట్లో ఎవరికీ చూపించడం లేదు.