మొదటి ఓడ అమ్మాకప్పా!

మా రామాంజులుకు ఉన్నది ఒకటే పిచ్చి. కొత్తవాడు కనిపిస్తే పేరు అడగడు, ఊరు అడగడు, తిన్నావా అని కూడా అడగడు. నేరుగా వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, "మొదటి ఓడ అమ్మాకప్పా! ఎవురెన్ని సెప్పినా అమ్మాకు!" అంటాడు. అమ్మవద్దని వాళ్ళ సీమ మాట. దోహాలో విమానం దిగి పూట కూడా గడవనివాడికి, సూట్‌కేసు తప్ప వేరే ఆస్తి లేనివాడికి ఈ మాట ఎలా వినబడుతుందో ఊహించుకోండి. నాలుగేళ్ళ క్రితం నాకూ ఇదే జరిగింది. ఎవడో మోసగాడు నా చేత ఓడలు కొనిపించడానికి వచ్చాడనుకుని పాస్‌పోర్టు ఉన్న జేబు గట్టిగా పట్టుకున్నాను.

"ఓడ ఏంటండీ బాబూ! నేను కారు తోలడానికొచ్చాను," అన్నాను.

"నేనూ దానికే వచ్చినా. అయితే ఏం? ఫోను ఉండాది గదా, తియ్యి," అన్నాడు.

ఫోనులో ఆడుకునే ఆట అది. దాని పేరు ఇంగ్లీషులో బారెడుంది. రామాంజులు దానికి ‘చుక్కల యాపారం’ అని పేరు పెట్టాడు. ఆటలో మనకో బుల్లి ఓడ ఇస్తారు. నీళ్ళ మీద పోయేది కాదు, ఆకాశంలో పోయేది. ఒక గ్రహం దగ్గర సరుకు చవగ్గా కొనాలి, ఇంకో గ్రహం దగ్గర మంచి ధరకు అమ్మాలి. దారిలో దొంగలుంటారు, ఇంధనం అయిపోతుంది, రేవులోకి వచ్చేటప్పుడు గుద్దామా ఓడ తుక్కే. మొదట ఇచ్చిన బుల్లి ఓడ ఒక్కటే, ఎన్నిసార్లు పేలినా ఊరికే మళ్ళీ ఇస్తారు. రామాంజులు ఖతార్ రాకముందు రాయచోటి నుంచి మదనపల్లె మార్కెట్టుకు టమాటా లారీ తోలేవాడు. కాబట్టి ఈ వ్యాపారం గురించి తనకు తెలిసినంత ఆట తయారుచేసినవాళ్ళకు కూడా తెలియదని అతని నమ్మకం.

"సరుకంతా ఒకటే రకం నింపాకు. రేటు పడితే రోడ్డు మీద పారబోసి రావల్ల. నేను పారబోసినా, నాకు తెలుసు," అనేవాడు. "ట్యాంకు సగం ఉండంగనే ఎనక్కి తిరుక్కో. దొంగ కనపడితే పౌరుషానికి పోవాకు. సరుకు ఆడనే ఇడిసిపెట్టి పరిగెత్తు. బతికుంటే బలుసాకు తినొచ్చు."

మేమిద్దరం మదీనత్ ఖలీఫాలో పక్కపక్క విల్లాలలో ఇంటి డ్రైవర్లం. మా ఉద్యోగంలో బండి తోలేది రెండు గంటలు, కాచుకునేది పది గంటలు. స్కూలు గేటు దగ్గర కాచుకోవాలి, మాల్ దగ్గర కాచుకోవాలి, మేడం గారి చెల్లెలింట్లో పురుడైతే అక్కడా కాచుకోవాలి. ఆ పది గంటలూ రామాంజులు సలహాలకే అంకితం. ఒకసారి ఏసీ బాగుచేయడానికి వచ్చిన నేపాలీని కూడా వదల్లేదు. నిచ్చెన పట్టుకుంటానని వెళ్ళి, కిందినుంచి, "భాయ్, పెహలా జహాజ్ మత్ బేచ్నా!" అని హిందీలో అదే పాట మొదలుపెట్టాడు. నిచ్చెన మీద ఉన్నవాడు ఎటు పోతాడు? అరగంట విన్నాడు. ఆ తరువాత ఆ ఇంటికి ఏసీ బాగుచేయడానికి వేరే మనిషి వచ్చాడు.

అసలు వింత ఇంకోటి ఉంది. ఆటలో కొత్తవాళ్ళకని వేరే పేట ఉంటుంది. రామాంజులు భాషలో అది ‘చిన్నోళ్ళ వీధి’. కాస్త వ్యాపారం పెరిగి పై మెట్టు ఎక్కామంటే ఆ వీధి దాటి పెద్ద లోకంలోకి పోతాం. ఒకసారి దాటినవాడిని మళ్ళీ లోపలికి రానివ్వరు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ మీద పడి దోచుకోకుండా పెట్టిన కట్టుబాటు. నేను మూడు నెలల్లో దాటేశాను. అల్ రయ్యాన్‌లో పనిచేసే ఫసీయుద్దీన్ రెండు నెలల్లో దాటాడు. మాకు పాఠాలు చెప్పిన గురువుగారు మాత్రం, ఎప్పుడడిగినా, చిన్నోళ్ళ వీధిలోనే!

శుక్రవారం శుక్రవారం అల్ ముంతజాలో టీ దగ్గర కలిసినప్పుడల్లా ఫసీయుద్దీన్ ఏడిపించేవాడు. "అరే రామాంజులు భాయ్, ఇన్నేండ్ల సంది ఒకటే క్లాసులున్నవ్. స్కూలే కొనుక్కున్నవా ఏంది?"

"తొందరేముందప్పా!" అని టీలో బిస్కెట్టు ముంచుకునేవాడు రామాంజులు.

నేను తక్కువ తిన్నానా? నా పెద్ద సరుకు ఓడను ఫోనులో చూపించి, "దీనికి ఏ సరుకు వేస్తే లాభం అంటావు?" అని కావాలనే అడిగేవాణ్ణి.

"అంత పెద్ద ఇషయాలు నాకేం తెలుసు? మొదటి నెల సంగతి ఏదన్నా ఉంటే అడుగు, సెప్తా," అనేవాడు. మేం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్ళం.

ఇలా ఉండగా ఈ ఏడు మా వీధి చివరి విల్లాకు మారుతి వచ్చాడు. జగిత్యాల పక్క మనిషి, నలభై ఏళ్ళుంటాయి, మొదటిసారి దేశం దాటాడు. ఊళ్ళో ఇరవై ఏళ్ళు ట్రాక్టరు, ట్రాలీ తోలినవాడు. అక్కడ ఎడమ పక్కన పోయే అలవాటు, ఇక్కడ కుడి పక్కన పోవాలి. లైసెన్సు పరీక్షలో మొదటిసారి రౌండబౌట్ దగ్గర ఊరి అలవాటున ఎడమకు తిప్పాడు. పరీక్ష పెట్టే ఆయన పెట్టిన కేక డ్రైవింగు స్కూలంతా వినబడిందట. రెండోసారి ఆ భయంతో రౌండబౌట్ ముందు బండి ఆపి, ఎటూ తిప్పకుండా కూర్చున్నాడు. వెనక పన్నెండు కార్లు హారన్ కొట్టినా కదల్లేదు.

వీసా ఇచ్చిన కఫీల్ మంచివాడే. కానీ రెండు నెలలుగా ఇంట్లో డ్రైవరు ఉండీ టాక్సీల్లో తిరగడం ఎవరికైనా కష్టమే. మూడోసారి కూడా పోతే టికెట్ కొనిచ్చి ఇంటికి పంపేస్తానన్నాడు. పది రోజుల గడువు. అవతల ఊళ్ళో మారుతి భార్య ప్రమీల, మా ఆయన దుబాయ్‌లో ఇంటంత కారు నడుపుతున్నాడని వాడకట్టంతా చెప్పేసింది; ఊళ్ళోవాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. మారుతి తిండి మానేశాడు. ఇంటినుంచి ఫోనొస్తే ఎత్తడం కూడా మానేశాడు.

"నాతోని కాదన్నా," అన్నాడు నాతో. "టెస్టు గిస్టు ఏమొద్దు. నేనే పోత. స్టీరింగ్ వడితె చేతులు వణుకుతున్నయ్. జర తప్పైతె సీదా ఇంటికేనాయె."

అప్పుడు వచ్చాడండీ మా రామాంజులు. ధైర్యం చెబుతాడనుకున్నాను. భుజం మీద చెయ్యి వేసి, "ఫోను తియ్యప్పా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మనిషి బతుకు గంగలో కలిసిపోతుంటే ఆటలేంటయ్యా నీకు! బుద్ధుందా?" అని అరిచాను. రామాంజులు నా వంక చూడనైనా లేదు. మారుతి ఫోనులో ఆట ఎక్కించే పనిలో ఉన్నాడు.

ఆ శుక్రవారం పొద్దున అల్ ముంతజా పార్కులో ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. మారుతి ఓడను రేవులోకి తేవాలి. ముందు రామాంజులు బుల్లి ఓడ, వెనక మారుతి బుల్లి ఓడ. మొదటిసారి గోడకు గుద్దాడు. రెండోసారి స్తంభానికి గుద్దాడు. మూడోసారి దారి చూపిస్తున్న రామాంజులునే గుద్దాడు. రెండు ఓడలూ ఒకేసారి పేలిపోయాయి.

"అయ్యో, తప్పైందన్నా," అని ఫోను పక్కన పెట్టబోయాడు మారుతి.

"తప్పేందప్పా? శానా బాగా గుద్దితివి! ఇంగోసారి గుద్దు," అన్నాడు రామాంజులు. "ఈడ ఎన్నిసార్లయినా గుద్దుకో. నిన్నెవురూ ఇంటికి పంపరు."

మారుతి ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి ఫక్కున నవ్వాడు. ఖతార్ వచ్చాక అతను నవ్వగా చూడడం నాకదే మొదలు. ఆ పూట ఇరవై రెండుసార్లు గుద్ది, ఇరవై మూడోసారి లోపలికి చేరాడు. తరువాత ఇద్దరూ కలిసి రెండు ప్లేట్ల బిర్యానీ తిన్నారు. రామాంజులుది అర ప్లేటే, మిగతాది మారుతి లాగించాడు.

ఆదివారం మధ్యాహ్నం స్కూలు గేటు దగ్గర కాచుకుని ఉన్నాం. పిల్లవాడు చేసిన అట్టముక్కల కోట మోసుకు రమ్మని వాళ్ళ మేడం పిలిస్తే, రామాంజులు ఫోను నా చేతిలో పెట్టి పరిగెత్తాడు. ఆట తెరిచే ఉంది. పరాయి ఫోను చూడకూడదు. చూశాను. ‘పాత కెప్టెన్లు’ అని ఒక పేజీ ఉంది. ఆట మొత్తం చెరిపేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడితే, చెరిపిన కెప్టెన్ల పేర్లు అక్కడ చేరతాయి. రామాంజులు ఒకటి, రామాంజులు రెండు, అలా ఎనిమిది మంది ఉన్నారు. ప్రతివాడూ ఎప్పుడో చిన్నోళ్ళ వీధి దాటినవాడే! మూడోవాణ్ణి చెరిపిన తేదీ, నేను దోహాలో దిగిన మర్నాడు. అయిదోవాణ్ణి చెరిపింది ఫసీయుద్దీన్ వచ్చిన వారంలో. ఎనిమిదోవాడి ఓడ నా ఓడకు మూడింతలుంది. వాణ్ణి మొన్న బుధవారం, మారుతి రెండోసారి తప్పిన రోజున చెరిపేశాడు.

మేమెవరం ఏనాడూ అతని ఫోను చూడలేదు. మా ఫోన్లు అతనికి చూపించుకోవడంతోనే మాకు సరిపోయింది.

అట్టకోట కారెక్కించి వచ్చాక నిలదీశాను. "అంత ఓడ ఎందుకు చెరిపేశావయ్యా?"

దొంగతనం బయటపడ్డవాడిలా తల గోక్కున్నాడు. "పెద్దోళ్ళను ఆ ఈదిలోకి రానీరు గదప్పా. మారుతి ఒక్కడే ఈడ గుద్దుకుంటాంటే, నేను యాడనో చుక్కల్లో కూసోని ఏం సేసేది?"

"ఇన్నేళ్ళూ మేం వెక్కిరిస్తుంటే ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"సెప్పింటే మీరు నన్ను ఇడిసిపెట్టి ముందుకు పోయేవాళ్ళా?"

"సరే, కొత్తవాడు కనిపిస్తే తిన్నావా అని అడగొచ్చుగా మనుషుల్లాగ! ఓడ గోలేంటి?"

"నేను వచ్చిన కొత్తల్లో నలభై దినాలు నాతో మాట్లాడినోడే లేడు," అన్నాడు. "ఆ మీదట ఎవురో మలబారాయన తిన్నావా అన్న్యాడు. అంతే, రోడ్డు మీదనే ఏడిస్తి. కొత్తోణ్ణి తిన్నావా అని అడిగితే ఏడుస్తాడప్పా. ఓడ సంగతి సెప్తే తిక్కోడు దొరికినాడని తిట్టుకుంటాడు. ఏడ్సేదాని కన్నా తిట్టుకునేది మేలు గదా!"

నాకు సిగ్గేసింది. నిజం చెప్పొద్దూ, కొంచెం కోపం కూడా వచ్చింది. నాలుగేళ్ళుగా అతని మీద వేసిన జోకులన్నీ ఒక్క పూటలో వెనక్కి తీసుకోవడమంటే మాటలా?

తరువాతి బుధవారం పదకొండింటికి రామాంజులు ఫోను మోగింది. స్పీకర్ పెట్టాడు. "అన్నా, పాసైన!" అని మారుతి అరుపు. "రౌండబౌట్ కాడ ముంగటి బండి ఎటు పోతుందో చూసిన. దాని ఎనుకనే మెల్లగ పోయిన. ప్రమీలకు కూడ జెప్పిన!" ఆట వల్ల లైసెన్సు వచ్చిందని నేను అనను. అంటే నేర్పిన డ్రైవింగు మాస్టరు నన్ను తంతాడు. చేతుల వణుకు తగ్గింది మాత్రం ఆ పార్కు బెంచీ మీదే.

నెల తిరక్కుండా మారుతి పై మెట్టు అంచుకు వచ్చి, అక్కడే మొండికేశాడు. "నేను దాట. ఇగ కొత్తోళ్ళను నేను చూస్కుంట. నువ్వు పో అన్నా పైకి," అన్నాడు.

"నా ఉజ్జోగం పీకేస్తావప్పా?" అని రామాంజులు లబలబలాడాడు. ఎవరూ వినలేదు. నేనూ ఫసీయుద్దీనూ చెరో చెయ్యీ పట్టుకుని, రామాంజులు ఫోనులో మారుతి చేత బొత్తాం నొక్కించి, గురువుగారిని పెద్ద లోకంలోకి తోసేశాం.

అదే మేం చేసిన పొరపాటు. ఎనిమిదో కెప్టెన్‌కు తెలిసిన దారులన్నీ ఈ తొమ్మిదోవాడు మరిచిపోయాడట! నిజంగా మరిచాడో, మాకు గురుస్థానం ఇవ్వాలని వేషం వేస్తున్నాడో, ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు. రోజుకు పదిసార్లు ఫోను చేస్తాడు. నిన్న మేడంను మాల్‌కు తీసుకెళ్తుంటే దారిలోనే నాలుగుసార్లు మోగింది.

"ఎవరు సుబ్బారావ్, అన్నిసార్లు?" అంది మేడం.

"మా మనిషే మేడం. కొత్త చోటు, దారి తెలియక అడుగుతున్నాడు."

"మిస్కీన్! పాపం," అని మేడం జాలిపడింది. "కారు పక్కకు ఆపి మాట్లాడు. ఖతార్ వచ్చి ఎన్నాళ్ళయింది?"

"పదకొండేళ్ళు, మేడం," అన్నాను కారు పక్కకు ఆపుతూ.