ఎలుక వేరు, మనిషి వేరు

తొంభైల చివర్లో నేను మేడ్చల్, షామీర్‌పేట ద్రాక్ష తోటలకు గడ్డిమందు అమ్మేవాణ్ణి. మోటార్‌సైకిలు, మెడలో టై, నోటినిండా అబద్ధాలు. ఆ టై గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కంపెనీ శిక్షణలో ఒక పెద్దమనిషి మాకు పాఠం చెప్పాడు. మందు ఎలుకలకు పూసి చూస్తే చర్మం కమిలిపోలేదు కాబట్టి మనుషులకూ భయం లేదట. అదే మందు చూలుతో ఉన్న ఎలుకలకు ఎక్కువ మోతాదులో పట్టిస్తే కడుపులో పిల్లలు చచ్చాయి. అది మాత్రం మనుషులకు వర్తించదట. "ఎలుక వేరు, మనిషి వేరు" అన్నాడు. మంచి కబురు తెస్తే ఎలుక మనకు చుట్టం, చెడ్డ కబురు తెస్తే పరాయిది! ఇంత తెలివికి మేమంతా చప్పట్లు కొట్టాం. మనిషికి ఏమవుతుందో ఖాయంగా తెలియదన్నది నిజమే. తెలియనిదాన్ని "ఏమీ కాదు" అని అమ్మడమే మా ఘనమైన ఉద్యోగం.

ఒకరోజు షామీర్‌పేట తోటలో డ్రమ్ములో మందు కలిపే కూలీ ఒకామె నన్ను ఆపింది. ఐదో నెల. చేతులకు తొడుగుల్లేవు.

"సారూ, కడుపుతోని ఉన్న. గీ మందు కలిపితే ఏమన్నయితదా?"

తోట యజమాని పక్కనే ఉన్నాడు. ఇంకా పది డబ్బాలు తీసుకుంటానని అప్పుడే అన్నాడు.

"ఏమీ కాదమ్మా. ఎలుకల మీద పరీక్ష చేసే అమ్ముతున్నాం" అన్నాను.

"సదువుకున్నోనివి. నీ మాట మీదనే కలుపుత మరి" అంది.

సాయంత్రం కుత్బుల్లాపూర్‌లో ఇంటికి చేరాను. నా భార్యకు నాలుగో నెల. గుమ్మంలో నా సంచీ అందుకోబోయింది. అందులో మందు నమూనా సీసా ఉంది.

"ముట్టుకోకు!" అని అరిచాను.

"ఏమైందండీ?" అంటూ ఆవిడ అదిరిపడింది.

పగలు తోటలో లేని భయం ఇంటి గుమ్మంలో ఎక్కణ్ణుంచి ఊడిపడింది? నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే తోటకు వెళ్లాను. ఆమె డ్రమ్ములో కర్రతో కలుపుతోంది.

"ఆపమ్మా. నిన్న నీకు సగమే చెప్పాను. ఎలుకలకు కడుపులు పోయాయి. మనుషులకు అవుతుందో కాదో ఎవరికీ తెలియదు" అన్నాను.

ఆమె కర్ర వదిలేసింది. తడి చేతులు కొంగుకు తుడుచుకోబోయి ఆగిపోయింది.

"నిన్న నువ్వు పోయినంక నాలుగు డ్రమ్ములు కలిపిన సారూ" అంది.