జాతకాల్లో ఏ తప్పూ లేదు

ఏళ్లుగా ఇది నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

సోలాపూర్‌లో, అశోక్ చౌక్ దగ్గర ఒక టవళ్ల కార్ఖానా ఆఫీసులో పనిచేస్తాను. ఆర్డర్లు, పార్సిళ్లు, లారీలు అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. చదువు మాత్రం పదో తరగతి, అదీ తప్పాను. మా పక్కింట్లో బీడీలు చుట్టే అక్క కూతురు ఎంబీఏ చేసి ఖాళీగా ఉంటే, యజమానికి చెప్పి ఉద్యోగం ఇప్పించింది నేనే. ఏకై వచ్చి మేకై కూర్చుంది. కూర్చోనీ, చదువుకుంది కదా అనుకున్నాను. ఒకరోజు హైదరాబాదు వ్యాపారి నన్నేదో రేటు అడగబోతే, ఆ పిల్ల నవ్వి, "ఆమెను అడగకుండ్రి సార్, ఆమె చదువుకోలే. చాయ్ గీయ్ చూస్తది" అంది.

చాయ్ తెచ్చాను. నవ్వుతూనే అందించాను. లోపల మాత్రం నిప్పు రాజుకుంది. అది చల్లారిపోకుండా నేనే ఊదుకుంటూ వచ్చాను.

తరవాత ఆ పిల్లకు పుణె సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు మేనత్త వాకబు చేయడానికి కార్ఖానాకు వచ్చి, పెద్దదాన్నని నన్నే పక్కకు పిలిచింది.

"పోరి ఎట్లుంటది వహినీ?"

"మంచిదే. కానీ ఎంబీఏ ఇంక కాలే. రెండు సబ్జెక్టులు పోయినయ్. మాలక్‌కు గూడ మాలూమ్ లేదు. నా పేరు చెప్పకుండ్రి."

"చదువు తక్కువైతే ఏంగాదు. ఝూట్ చెప్పేటోళ్లతోని సోయరిక్ ఎట్ల కలుపుకుంటం?" అంటూ వెళ్లిపోయింది.

నేను చెప్పింది పచ్చి అబద్ధం. ఆ పిల్ల ఫస్టు క్లాసులో పాసైంది. జాతకాలు కలవలేదని వాళ్లు కబురు పంపిన సాయంత్రం, నేను ఇంటికి మిఠాయి కొనుక్కెళ్లాను. ఎందుకని మా ఆయన అడిగితే, ఊరికే అన్నాను.

కూతురి జాతకంలో దోషం పోవాలని ఆ తల్లి శనివారాలు ఒక్కపొద్దు ఉంటోంది. నవగ్రహాల చుట్టూ తిరగడానికి తోడు రమ్మంటే నేనూ వెళ్తున్నాను. దోషం ఆ గ్రహాల్లో లేదక్కా, నీ వెనకే నడుస్తోంది అని ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో. ఇది పశ్చాత్తాపమేనా? తల్లిని చూస్తే ఏడుపొస్తుంది. కూతుర్ని చూస్తే రాదు. ఆ పిల్లకు ఇంకా పెళ్లి కాలేదు, ఈమధ్య నన్ను చిన్నమ్మా అని మర్యాదగా కూడా పిలుస్తోంది. అయినా ఆ మేనత్త రేపు మళ్లీ వచ్చి అడిగితే నిజం చెబుతానా?

చెప్పను.

అబద్ధమాడానని దేవుడి దగ్గర ఎప్పుడో ఒప్పుకున్నాను. మళ్లీ అడిగినా నిజం చెప్పననే ఈ మాట మాత్రం ఆయనకు కూడా చెప్పలేదు. మీకు చెప్పాక కొంచెం తేలికగా ఉంది.