పెరటి గోడ మీద బొగ్గు గీతలు

మా బావ పోయాడన్న కబురు నాకు ఎమ్మిగనూరులో బస్సులు నిలిచేచోట అందింది. ఆదోని నుంచి వచ్చిన పత్తి దళారి ఒకాయన బస్సు దిగుతూనే నన్ను పక్కకు పిలిచి, "మీ బావ పొద్దున్నే పోయినాడప్పా. మూడు దినాల జరమే. నచ్చత్రం గూడా మంచిది గాదంటాండారు. బిన్నా పో, ఈ బస్సుకే" అన్నాడు. ఆ బస్సే తిరిగి ఆదోనికి పోయేది. ఎక్కి కూర్చున్నాను. పద్దెనిమిది మైళ్ల ఆ దారిలో బావ కారు ఒక్కసారి నడవాలని పదేళ్లు ఎదురుచూశాం. మేమందరం అని చెప్పుకోవడం అబద్ధం. ఎదురుచూసింది బావ, మా అక్క. నేను ఎగతాళి చేసినవాణ్ణి.

మీలో ఆదోని పత్తి మార్కెట్టుకు పోయినవాళ్లు ఆయన్ని చూసే ఉంటారు. తెల్లటి పంచె, తెల్లటి తలగుడ్డ, గోళ్ల కింద మాత్రం నల్లటి మసి. మధ్యాహ్నం దాకా పత్తి బేరాలు చూసుకొని, ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిని, పెరట్లోకి పోయేవాడు. మళ్లీ దీపాలవేళకే కనిపించేది.

ఆ కారు మొదటి యుద్ధం కాలానిది. ఎవరో దొర వాడి వదిలేస్తే ఊరి బయట పత్తి గింజలు తీసే ఒక జిన్ను ఫ్యాక్టరీ కొట్టంలో పడి ఉండేది. బావ చూడబోయిన రోజు సీట్లో కోడి పొదుగుతా ఉంది, అడుగున రేకు చిల్లులోంచి వేపమొక్క మొలిచి ఉంది. అక్కడే విప్పి, ముక్కలు ముక్కలుగా ఎద్దులబండి మీద ఇంటికి చేర్చాడు. వాళ్ల పెరటికి ఇంట్లోంచి తప్ప దారి లేదు. మూడు పక్కలా రాతి గోడ. ఇంజనుకు మోకులు కట్టి ఎనిమిదిమంది హమాలీలు వాకిట్లోంచి పడసాల మీదుగా మోస్తుంటే, వాళ్లమ్మ, నాకు అత్త వరస, బుగ్గన చెయ్యి పెట్టుకొని, "కోడలు ఇంట్లోకి వచ్చిన దినం గూడా ఇంతమంది రాలేదు గదరా" అంది.

"విప్పి తెచ్చినావు, సరే. బిగించినాక యాడనుంచి బయటికి తీస్తావు బావా?" అని అడిగాను.

"గోడ ఉంది గదప్పా. ఐదు మూరలు గోడ తీసి, కారు తోలుకొని పోయి, మళ్లా రాళ్లు పేర్చుకుంటే సరిపాయ" అన్నాడు.

అన్ని కొలతలు తీసుకున్న మనిషి కన్నతల్లిని మాత్రం అడగలేదు. కారు ఒక రూపానికి వచ్చాక అడిగాడు. అత్త ఒక్క ముక్కలో తేల్చేసింది.

"మీ నాయన్ను పంపించింది ఆ గోడలోనుంచే. నేను బతికుండగా అది ఇంగోసారి పగలగూడదు. బతికినోళ్లు వాకిట్లోనుంచి పోవల్ల."

మావాళ్లలో చెడు నక్షత్రంలో పోయిన మనిషిని వాకిట్లోంచి తీసుకుపోరు. గోడ పగలగొట్టి, అందులోంచి పంపి, ఆ రోజే పూడ్చేస్తారు. ఇల్లు ఆరు నెలలు మూసిపెడతారు. మా బావ తండ్రి అలా పోయినవాడే. అందుకని బావ ఎదురు చెప్పలేదు. పొయ్యిలోంచి బొగ్గు ఒకటి తెచ్చి గోడ మీద, కారు ముఖానికి ఎదురుగా, ఐదు మూరల ఎడంలో రెండు నిలువు గీతలు గీశాడు. "మాయమ్మ మనసు ఏ దినం మారుతుందో ఏమో. కొలత సిద్ధంగా ఉండల్ల గదా" అన్నాడు. ఏటా దసరాకు ముందు సున్నం కొట్టిస్తే గీతలు పోయేవి. సున్నం ఆరీ ఆరకముందే మళ్లీ గీసేవాడు.

ఇంత పంతం కారు మీద మోజుతో అనుకుంటే పొరపాటు. మా అక్కకు కాన్పు కష్టమై నడుము పోయింది. బిడ్డా దక్కలేదు. లేచి కూర్చుంటే నొప్పి, బస్సు కుదుపుకు ప్రాణం పోయినంత పని. ఎమ్మిగనూరులో మా అమ్మ, ఆదోనిలో తను. మంచం మీద మోయించుకొని పోదామంటే, "పీనుగను మోసినట్టు నన్ను మోయొద్దండి" అని ఏడ్చింది. బావ కారు వెనకసీటు పీకేసి, స్ప్రింగుల మీద మంచి పత్తి మూరెడు మందాన పరిచి పరుపు కుట్టించాడు. దాని మీద పడుకోబెట్టి అమ్మ దగ్గరికి తీసుకుపోవాలి. అంతే ఆయన కోరిక.

ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చోవడం నాకు అలవాటైంది. విప్పిన ప్రతి బోల్టూ, ప్రతి వాషరూ పాత దుప్పటి మీద విప్పిన వరసలోనే పేర్చేవాడు. ఒకసారి నేను కాలు తగిలించి వరస చెరిపేస్తే తిట్టలేదు. "ఇనుముకు రోషం లేదప్పా, మళ్లా పేరుద్దాం" అని మొదటినుంచి మొదలుపెట్టాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా అడక్కుండానే తలుపు బందులకు నూనె వేసిపోయేవాడు. మా తలుపులు ఇప్పటికీ చప్పుడు చేయవు.

రెండో యుద్ధం నడుస్తుండగా, పెట్రోలు రేషను చీటీల మీద ఇచ్చే రోజుల్లో, ఒక సీసాడు సంపాదించి ఇంజనుకు పోశాడు. హ్యాండిలు తిప్పీ తిప్పీ చెయ్యి వాచింది. చివరికి కారు దగ్గింది, ఉమ్మింది, లేచింది. పెరడంతా పొగ. అత్త ఆరబెట్టిన వడియాలు నల్లబడ్డాయి. అక్కను ఎత్తుకొచ్చి పరుపు మీద పడుకోబెట్టాడు. గోడ దాకా ఆరు మూరలు ముందుకు, మళ్లీ ఆరు మూరలు వెనక్కి.

"ఎమ్మిగనూరు వచ్చెనా?" అంది అక్క, కళ్లు మూసుకొని.

"వచ్చె. మీయమ్మ వాకిట్లోనే నిలబడుకోనుంది, లెయ్" అన్నాడు బావ.

అక్క అంతగా నవ్వడం పెళ్లయ్యాక నేను చూడలేదు. అత్త వడియాలు ఏరుకుంటూ తల ఎత్తలేదు.

ఆ సాయంత్రమే బావ నన్ను అడిగాడు. "నువ్వు ఒక మాట సెప్పప్పా మాయమ్మకు. నీ మాటంటే ఆమెకు గురి." నిజమే, అత్తకు నేనంటే అభిమానం. కానీ ఆడపిల్లను ఇచ్చిన ఇంటివాణ్ణి, వాళ్ల గోడ సంగతి నాకెందుకు, రేపు ఏదైనా చెడు జరిగితే నా నోటి మాటే అంటారని భయపడ్డాను. "చూద్దాంలే బావా" అన్నాను. ఇంకెప్పుడూ అడగలేదాయన.

మరుసటేడు మా అమ్మ మంచం పట్టింది. బావ ఎద్దులబండిలో గడ్డి పరిచి అక్కను బయలుదేరదీశాడు. ఊరు దాటకముందే అక్క కేకలకు ఎద్దులు బెదిరాయి. వెనక్కి తిప్పారు. మూడోనాడు అమ్మ పోయింది, కూతుర్ని చూడకుండానే. కర్మలు అయ్యాక ఆదోనికి పోతే బావ కారు చక్రాలు తుడుస్తున్నాడు. ఆ దసరాకూ గీతలు గీశాడు.

నేను బస్సు దిగి ఇల్లు చేరేసరికి పురోహితుడు అరుగు మీద పంచాంగం మూస్తున్నాడు. ధనిష్ఠ నక్షత్రం. వాకిట్లోంచి తీసుకుపోకూడదన్నాడు. గోడలు కట్టే బేల్దారి గడ్డపార తీసుకొని పెరటి గోడ దగ్గర నిలబడ్డాడు.

"రెండు మూరలు తీస్తే పాడె పడుతుంది, సాలునా అమ్మా?" అన్నాడు.

అత్తకు ఎనభై దాటాయి. కారు మడ్గార్డు పట్టుకొని గోడ దాకా నడిచింది. ఒక గీత మీద చెయ్యి పెట్టింది.

"ఈ గీతకాడనుంచి ఆ గీత దాకా తీయప్పా. వాడు అడిగినంత తీ."

నేను ఒక్క మాట అడిగి ఉంటే ఆమె ఒప్పుకొని ఉండేదని అప్పుడు తెలిసింది. ఈ పాపం నాదే.

రాళ్లు పడ్డాయి. సందు, దాని అవతల ఎమ్మిగనూరు బాట కనిపించాయి. ఐదు మూరల ఖాళీలోంచి బావ రెండు మూరల పాడె మీద పోయాడు. కారు అక్కడే ఉండిపోయింది. తోలడం తెలిసినవాడు ఆయనొక్కడే.

పొద్దుగూకేలోపు బేల్దారి గోడ మళ్లీ పేర్చేశాడు. ఇల్లు మూయాలి గనక అత్త వాకిట్లోంచి నడిచి బయటికి వచ్చింది. అక్కను మంచం మీదే మోసుకొచ్చాం, ఈసారి ఆమె వద్దనలేదు. తాళం వేసేముందు నేనొకసారి పెరట్లోకి పోయి చూశాను. బొగ్గు గీత ఉన్న రాళ్లు కొత్త గోడలో ఎక్కడెక్కడో పడ్డాయి. ఒకటి అడుగున, ఒకటి పైన తలకిందులుగా, ఒకటి అడ్డంగా. కారు వాటికి ఎదురుగా నిలబడి ఉంది, వెనక పత్తి పరుపు మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.