పేజీ పక్కన పెట్టిన పాట

ఏ ఫైలైనా సరే, నా దగ్గరికొస్తే తెరుచుకోవాల్సిందే. కర్నూలులో కోర్టు వెనక వీధిలో ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ షాపు నడుపుతున్నాను, నాకు ఆ మాత్రం పొగరుంది. పక్క షాపుల్లో 'ఇది ఓపెన్ కాదు' అనిపించుకున్న వాళ్లంతా చివరికి నా మెట్లే ఎక్కుతారు. వాళ్ల కోసమే మూలన ఒక ముసలి కంప్యూటర్‌ను ఇప్పటికీ బతికించుకుంటున్నాను. దానికి నెట్ లేదు, ఆన్ చేస్తే పిండిమర మోత. కానీ పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్, పాత తెలుగు ఫాంట్లు అందులో పదిలంగా ఉన్నాయి. దాన్ని పాతసామాన్ల వాడికి వేసేయమని మా ఆవిడ ప్రతి దసరాకూ పోరు పెడుతుంది.

మొన్న ఎండాకాలంలో ఆదోని వైపు పల్లె నుంచి ఒక అవ్వ, ఆమె కోడలు వచ్చారు. అవ్వ చేతిలో వాళ్ల చర్చి పాటల పుస్తకం. పదిహేనేళ్ల కిందట నేనే కట్టిన పుస్తకం అది. అట్ట అరిగిపోయినా చూడగానే గుర్తుపట్టాను.

"మా అత్త కట్టిన పాట ఇందులో ఉండాదంటాదన్నా. మొదట్నుంచి కడదాకా చూసినా, లేదు" అంది కోడలు. ఆ ఇంట్లో చదువొచ్చిన మొదటి మనిషి ఆమే. ఫోన్లో ఎవరో పంపిన పీడీఎఫ్ కూడా తీసి చూపించింది. అందులోనూ లేదు.

అవ్వ పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. "పత్తి ఏరతా కట్టుకున్న పాటప్పా. పుస్తకంలో ఉండాది గదా అని నిమ్మళంగా ఉంటి. పాడమని ఎవురూ అడగల్యా, నేనూ పాడల్యా. ఇప్పుడు పల్లవి తప్ప ఒక్క ముక్క గుర్తు రాదు. వచ్చే ఆదివారం కొత్త చర్చి తెరుస్తాండారు. ఆ పొద్దు పాడాలని శానా ఆశగా ఉండాది."

నాకు నవ్వొచ్చింది. పీడీఎఫ్‌లో వెతికితే ఎక్కడ దొరుకుతుంది? అది అచ్చయిన కాగితానికి ఫొటో లాంటిది, పేజీలో ఉన్నదే అందులో ఉంటుంది. పేజీ కట్టిన అసలు ఫైలు వేరు. అందులో పేజీ చుట్టూ తెరమీద ఖాళీ జాగా ఉంటుంది. పట్టని ముక్కలను చెరపకుండా అక్కడికి లాగి పెడతాం. అవి ప్రింటులో రావు, ఫైల్లో మాత్రం ఉండిపోతాయి. కస్టమరు మాటను చెరపకూడదని నాకు పని నేర్పినాయన పెట్టిన అలవాటు అది.

"కూర్చో అవ్వా, పది నిమిషాల్లో నీ పాట నీ చేతిలో పెడతా" అన్నాను.

ఆ పుస్తకం ఫైలు దాచిన సీడీ దొరికింది. కొత్త కంప్యూటర్ ఆ ఫైలును చూసి ఇదేమిటో తనకు తెలియదంది. ముసలిదాన్ని లేపాను. అది కాసేపు మూలిగి పేజీలు తెరిచింది. ఆఖరి పేజీ పక్కన, తెల్లటి ఖాళీలో, పాట కనిపించింది. నిజం చెప్పాలంటే గర్వంతో ఛాతీ ఉబ్బింది. గట్టిగా చదివాను.

"కాయ పగిలి చేనంతా తెల్లగైన పొద్దున, నా గుడిసె వాకిట నిలిచితివా తండ్రీ..."

అవ్వ పెదవులు కదిలాయి. మొదటి చరణం చదివేసరికి నాతో కలిసి గొంతెత్తింది. రెండో చరణంలో నన్ను దాటుకుని ముందుకే వెళ్లింది. కోడలు కళ్లు తుడుచుకుంది. నేను మౌసును కిందికి జరిపాను. అక్కడ ఇంకేమీ లేదు.

"మూడోది?" అంది అవ్వ.

అప్పుడు నాకంతా గుర్తొచ్చింది. ముప్పై రెండు పేజీలు దాటకూడదని చర్చి సంఘం పెద్దలు గట్టిగా చెప్పారు. ఒక పాట ఎక్కువైంది. "నువ్వే చూసి సర్దప్పా" అన్నారు. ఈ పాట రెండు చరణాలు టైపు కొట్టేసరికే జాగా చాలదని తెలిసింది. తీసేయడానికి ఈమె పాటనే ఎంచుకున్నాను. ఈమెకు చదువు రాదు, పుస్తకంలో లేదని తెలియదు, గొడవ రాదు. ఇదీ నా లెక్క. మూడో చరణం కొట్టనే లేదు. అవ్వ చెబుతుంటే ఎవరో రాసిచ్చిన కాగితం ఏమైందో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

ఇంకెవరి మీదికైనా నెట్టేయొచ్చు. నోరు రాలేదు. సిగ్గుతో తల వంచుకునే చెప్పాను. "తీసింది నేనే అవ్వా. మూడోది టైపు కూడా చేయలేదు."

అవ్వ తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. కళ్లు మూసుకుని రెండో చరణం ఆఖరి మాట మళ్లీ అందుకుంది. దాని తర్వాత ఏముందో వస్తుందేమోనని ఆగింది. మళ్లీ అందుకుంది, మళ్లీ ఆగింది. మూడోసారి కూడా రాకపోయేసరికి కళ్లు తెరిచి నా వైపు చూసింది.

"లేదని అప్పుడే ఒక మాట చెప్పింటే, నేను మర్చిపోయేదాన్ని కాదు గదప్పా" అంది.