ఊదినా మోగని విజిల్

రండమ్మా, ఇలా నా పక్కకు జరిగి కూర్చోండి. నేను పెద్దగా చదువుకోలేదు గానీ, ఒకసారి చూసింది మరిచిపోను.

మా ఆయన ప్రభాకర్ గుంటూరులో డ్రిల్లు మాస్టారు. న్యూజిలాండ్‌లో ఈ ఇన్వర్‌కార్గిల్‌కు చదువుకోవడానికి వచ్చి, చదివిన కాలేజీలోనే ఉద్యోగంలో కుదురుకున్నారు. సాయంత్రాలు అక్కడి బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్. స్టేడియం ఈ చివర ఆయన అరిస్తే ఆ చివర కుర్రాడు ఉలిక్కిపడేవాడు. ఇంట్లో మాత్రం "శాంతా, టీ" అని మెల్లగా అనేవారు.

సీజన్ మొదలైన వారం, జట్టుకు పులిహోర పట్టుకెళ్ళాను. ఆయన విజిల్ ఊదారు. మోగలేదు. పెదాల పక్కనుంచి గాలి పోయింది.

"బ్యాటరీ అయిపోయిందా, కోచ్?" అన్నాడు కెప్టెన్ సియోనే. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. మర్నాడు కొత్త విజిల్ కొన్నారు. అదీ మోగలేదు.

తరవాత మాట ముద్దగా రావడం మొదలైంది. పై ఊరు డునెడిన్‌కు మ్యాచ్‌కు వెళితే, అక్కడి స్టేడియంలో అవతలి జట్టు మనిషి ఒకడు, ఈయన తాగి వచ్చాడని అందరిముందూ అనేశాడు. చుక్క ముట్టని మనిషి! వ్యాన్ ఎక్కాక నా ముందు నోరు తెరిచి, "వాసన చూడవే, శాంతా. నువ్వే చెప్పు" అన్నారు.

మేం మామూలుగా చూపించుకునే డాక్టరు, జీపీ, గొంతు చూశాడు, బ్లడ్ టెస్టులు రాశాడు. ఎమ్మారై నార్మల్ అన్నారు. ఆ రోజు పాయసం కూడా చేశాను. తరవాత న్యూరాలజిస్ట్ ఈఎంజీ అని చేతుల్లో, నాలుకలో సూదులు గుచ్చి చూశాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"ఇట్స్ మోటార్ న్యూరాన్ డిసీజ్. వియ్ కాంట్ క్యూర్ ఇట్."

కండరాలను ఆడించే నరాలు చచ్చిపోయి, ముందు నాలుక, గొంతు, తరవాత చేతులు, చివరికి ఊపిరి పోతాయట. మా ఆయన ఒక్కటే అడిగారు, సీజన్ అయ్యేదాకా బెంచీ మీద కూర్చోగలనా అని. "ఐ హోప్ సో" అంటూ డాక్టర్ కిటికీ వైపు చూశాడు.

మా పాప అప్పటికి చాలా చిన్నది. స్పీచ్ థెరపిస్ట్ మంచి పిల్ల. "మీ గొంతు ఇప్పుడే రికార్డ్ చేసి పెట్టుకోండి, మీ పాప కోసం" అంది. "సీజన్ అవనీ, చూద్దాం" అన్నారాయన.

జబ్బు కాస్త నెమ్మదిస్తుందని రిలుజోల్ మాత్రలు వాడాం. మాట పోతుంటే జట్టును చేతి సైగలతో ఆడించారు. చేతులూ వాలిపోయాయి, కాళ్ళూ నిలవలేదు. అన్నం మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చింది. తిండి నేరుగా పోయడానికి పొట్టకు పెగ్ ట్యూబ్ వేశారు. వీల్‌చెయిర్‌లో మళ్ళీ స్టేడియానికి వచ్చారు.

అప్పటికి ఆయన మాట నాకొక్కదానికే అర్థమయ్యేది. అందుకని నేనూ బెంచీ మీద కూర్చున్నాను. ఆటలో ఓనమాలు తెలియనిదాన్ని!

"ఆ పొడుగోణ్ణి వదలొద్దని చెప్పవే."

"దట్ టాల్ బాయ్, డోంట్ లీవ్!" అన్నాను.

"యెస్, కోచ్ ఆంటీ!" అన్నాడు సియోనే. ఆయన చొంగ కారుతుండగానే నవ్వారు.

చివరి మ్యాచ్ మా ఊళ్ళోనే. ఇంకాసేపట్లో ఆట అయిపోతుంది. టైమవుట్ తీసుకుని పిల్లలు చెమటలతో మా చుట్టూ మూగారు. ఆయన నా చెవి దగ్గర అన్నారు: "ఇంక చాలే. ఇంటికి తీసుకుపో."

అందరి కళ్ళూ నా నోటి మీదే ఉన్నాయి.

"వాట్ డిడ్ హీ సే, ఆంటీ?"

"సార్ టైర్డ్. గోయింగ్ హోమ్."

సియోనే వంగి వీల్‌చెయిర్ బ్రేకు తీశాడు. అందరూ కలిసి తలుపు దాకా తోసుకొచ్చారు. వాళ్ళు తిరిగి వెళ్ళేదాకా రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదకుండా ఆగాడు. తలుపు మూసుకున్నాక వినబడింది. కార్లో ఆయన స్కోరు అడగలేదు. ఓడిపోయారని తరవాత తెలిసింది.

చలి తగ్గకముందే ఆయన పోయారు.

ఇప్పుడు నేను ముసలివాళ్ళుండే రెస్ట్‌హోమ్‌లో, బట్టలుతికే లాండ్రీలో పని చేస్తున్నాను. పాపకు తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులోనే. "అమ్మా, నాన్న వాయిస్ ఎలా ఉండేది? ఐ కాంట్ రిమెంబర్" అంటుంది. "శాంతా, టీ" అని అని చూపిస్తాను. అది నా గొంతులాగే వస్తుంది.

మీకు చెప్పేది ఒక్కటే. గొంతు రికార్డు చేసుకోమని డాక్టర్లు అంటే, ఆ సాయంత్రమే చేయించండి. ఏదో అయ్యాక చూద్దామని ఆగొద్దు.

దేవుడు మీ ఇల్లు చల్లగా చూడాలి. మీ వాకిట్లో మిమ్మల్ని పేరు పెట్టి పిలిచే గొంతులన్నీ పదికాలాలు వినబడాలి.