క్యారల్స్ మ్యాప్ ఎందుకు హ్యాంగైంది

ఎల్లుండి నుంచి మా చర్చి క్యారల్స్, రాత్రిపూట వ్యాన్‌లో ఇంటింటికీ వెళ్ళి క్రిస్మస్ పాటలు పాడతాం. ఈసారి ఎవరింటి మీద వాళ్ళే పిన్ పెట్టుకునేలా నేనొక వెబ్ మ్యాప్ తయారుచేశాను. వ్యాన్ వెళ్ళే దారి అదే గీస్తుంది. పొద్దున తెరిస్తే "పేజీ స్పందించడం లేదు" అని బిగుసుకుపోయింది. పోనీ కాగితం మీద రాసుకుందాం అన్నారు కమిటీవాళ్ళు. నేను ససేమిరా అన్నాను. అన్నం కూడా కంప్యూటర్ ముందే తింటూ, మ్యాప్ కోడ్‌లో ఒక్కో ముక్కా ఆపి చూశాను. సాయంత్రానికి దొరికింది. మారేడ్‌పల్లిలో ఒకే ఇంటి మీద లెక్కలేనన్ని పిన్నులు! అన్నిటికీ దారి వెతకలేక పాపం మ్యాప్ చతికిలబడింది.

ఆ ఇల్లు సుగుణ ఆంటీది. ఫోన్ చేశాను.

"ఆంటీ, ఒక్కసారి నొక్కితే చాలు కదా?"

"పోయినేడు మా గల్లీ మొదటిదాకా వచ్చి వెనక్కి తిరిగారమ్మా. లైట్లేసుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. అందుకే గుర్తొచ్చినప్పుడల్లా నొక్కాను."

ఇంటికి ఒక్క పిన్నే పడేలా కోడ్ మార్చాను. మ్యాప్ చకచకా దారి గీసింది. అందులో ఆంటీ ఇల్లు చిట్టచివర. దాన్ని మాత్రం నా చేత్తో మొదటికి జరిపాను. వ్యాన్ చుట్టూ తిరగాలి, తెలుసు. అది తప్పు రూట్ అనేవాళ్ళుంటే, కామెంట్లో కాదు, వచ్చి ఆంటీకి చెప్పండి.